డ్రమ్మర్ లేని బ్లాక్ మెటల్: అబోరిమ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా పెడతాను, కొత్తగా చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. ఇటలీ అండర్‌గ్రౌండ్ బ్లాక్ మెటల్‌లో (కీచు అరుపులు, గరగరలాడే గిటార్లు, విపరీతమైన వేగంతో సాగే మెటల్ సంగీతం) టెక్నాలజీ, మనిషి అన్న విషయం మీద పనిచేసినవాళ్లు ఎవరు, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? అడవులు, మంచు, పాత దేవుళ్ల గురించి పాడే సంగీతంలోకి కంప్యూటర్ ఎలా దూరింది? డ్రమ్స్ మెషిన్ వాయిస్తే అది మోసం కాదా? చివరిగా, అలాంటిది ల్యాప్‌టాప్ మీద మనం చేయగలమా?

సూటిగా చెప్పేస్తాను. బ్యాండ్ పేరు అబోరిమ్. మొదట వినాల్సింది 2003లో వచ్చిన 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్'. అది నచ్చితే వెనక్కి 2001 నాటి 'ఫైర్ వాక్ విత్ అస్'కి, తర్వాత ముందుకి 2006 నాటి 'జెనరేటర్'కి వెళ్లండి. డ్రమ్ మెషిన్ మోసం అవునా కాదా అంటే, వేరే బ్యాండ్ల సంగతి పక్కన పెట్టండి, ఈ బ్యాండ్ విషయంలో ఆ మెషినే కథావస్తువు. అది తీసేస్తే చెప్పడానికి వాళ్ల దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. ల్యాప్‌టాప్ సంగతి ఆఖర్లో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో రికార్డింగ్, మిక్సింగ్ చేస్తాను. యాడ్స్‌కీ, షార్ట్ ఫిల్మ్‌లకీ డ్రమ్స్ ప్రోగ్రామ్ చేయడం రోజువారీ పని. మెటల్ బ్యాండ్లు అప్పుడప్పుడు వస్తాయి, వాళ్లొస్తే నాకు పండగ. అందుకని అభిమానిగా కన్నా పనివాడిగానే ఎక్కువ చెప్తాను, కొన్నిచోట్ల సాంకేతికం ఎక్కువైతే దాటేయండి.

బ్లాక్ మెటల్ అంటే ఆధునికత మీద కోపం అని అందరూ అనుకుంటారు. నార్వేలో 1990ల మొదట్లో ఆ సంగీతం ముదిరినప్పుడు పాటల్లో అడవులు, శీతాకాలం, క్రైస్తవానికి ముందటి రోజులు నిండిపోయిన మాట నిజమే. అయితే ఆ 'అడవి' మన చెవిదాకా ఎలా వచ్చింది? నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్లు, కావాలనే ఎంచుకున్న చవక మైకులు, గిటార్‌ని కందిరీగల గుంపులా మార్చే డిస్టార్షన్ పెడళ్లు, పోస్టులో దేశాలు దాటిన క్యాసెట్లు. చలిగాలిలా వినిపించేది నిజానికి ఓవర్‌లోడ్ అయిన ట్రాన్సిస్టర్. యంత్రం ఈ సంగీతంలో మొదట్నించీ ఉంది, తెర వెనక ఉంది. అబోరిమ్ చేసిందల్లా దాన్ని తెర ముందుకు తేవడం.

ఈ పని వాళ్లే మొదలుపెట్టలేదు లెండి. నార్వేలోనే మిస్టికమ్ అనే బ్యాండ్ 1996లో డ్రమ్మర్ లేకుండా, డ్రమ్ మెషిన్‌తో ఆల్బమ్ తెచ్చింది. అదే ఏడు స్విట్జర్లాండ్ వాళ్లు సమాయెల్ ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్‌తో 'పాసేజ్' తెచ్చారు. 1999లో నార్వే బ్యాండ్ డోడ్‌హైమ్స్‌గార్డ్, 2001లో అక్కడిదే థోర్న్స్ ఇదే దారిని ఇంకో మలుపు తిప్పారు. వీళ్లందరినీ వినాల్సిందే. కానీ వీళ్లలో ఎక్కువమందికి యంత్రం ఒక శబ్దం, ఒక వాతావరణం. అబోరిమ్‌లో అది ఒక పాత్ర.

బ్యాండ్ పుట్టింది 1990ల మొదట్లో, దక్షిణ ఇటలీలోని తారంతో అనే ఓడరేవు ఊళ్లో. ఫాబ్బన్ అనే రంగస్థల నామంతో ఉన్న బేసిస్టు దానికి మూలం. కీబోర్డులు, ప్రోగ్రామింగ్ కూడా అతనివే. ఒక డెమో (నమూనా రికార్డింగ్) తర్వాత బ్యాండ్ విడిపోయింది. తర్వాత రోమ్‌లో కొత్త మనుషులతో మళ్లీ మొదలై, 1999లో 'కలియుగ బిజార్' అనే మొదటి ఆల్బమ్ తెచ్చింది. (కలియుగమేనండీ, మీరు సరిగ్గానే చదివారు. దాని గురించి కింద చెప్తాను.) ఆ ఆల్బమ్‌లో అతిథిగా పాడిన అత్తిలా చిహార్ తర్వాతి రెండు ఆల్బమ్‌లకీ ప్రధాన గాయకుడయ్యాడు. నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ మేహెమ్ 1994 ఆల్బమ్‌లో పాడిన హంగేరియన్ ఇతనే. అప్పటికే హంగేరీలో ప్లాస్మా పూల్ అని ఒక ఎలక్ట్రానిక్ ప్రాజెక్టు కూడా చేసి ఉన్నాడు కాబట్టి మెషిన్ పక్కన నిలబడి పాడటం అతనికి కొత్త కాదు.

వీళ్ల చెవి ఎటువైపు ఉండేదో చెప్పడానికి ఒక్క ఆధారం చాలు. మొదటి ఆల్బమ్‌లో వాళ్లు కవర్ చేసింది బ్రిటన్ ఎలక్ట్రానిక్ బృందం కాయిల్ సంగీతాన్ని. రెండో ఆల్బమ్‌లో కవర్ చేసింది నార్వే బ్లాక్ మెటల్ ప్రాజెక్టు బర్జుమ్ పాటని. ఒక చెవి మెషిన్ వైపు, ఒక చెవి మంచు వైపు.

ఇప్పుడు డ్రమ్ మెషిన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు సంగతి అక్కడుంది.

బ్లాక్ మెటల్‌కి వెన్నెముక బ్లాస్ట్ బీట్. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (టపటపమనే చిన్న డ్రమ్), సింబల్ (లోహపు పళ్లెం) ఊపిరాడనివ్వకుండా కలిసి పరిగెత్తుతాయి. నిమిషానికి 200 బీట్ల వేగంలో డ్రమ్మర్ రెండు కాళ్లతో పదహారో వంతు నోట్స్, అంటే బీట్‌కి నాలుగు దెబ్బలు వాయిస్తే, సెకనుకి పదమూడు దెబ్బలు పైనే పడతాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య 75 మిల్లీసెకన్లు. ఎంత గొప్ప డ్రమ్మరైనా ఈ వేగంలో ఒక దెబ్బ రవ్వంత ముందు పడుతుంది, ఒకటి వెనక పడుతుంది. కుడికాలు బలంగా, ఎడమకాలు కాస్త మెత్తగా. రెండో నిమిషానికి స్నేర్ దెబ్బ పలచబడుతుంది. వినేవాడు దీన్ని లెక్కపెట్టడు, కానీ ఒంటికి తెలిసిపోతుంది: ఎవడో కష్టపడుతున్నాడని.

మెషిన్‌లో ఇది ఉండదు. ఏ నోట్ ఎప్పుడు, ఎంత బలంగా పడాలో యంత్రాలకి చెప్పే మిడి అనే పద్ధతి 1983 నుంచి ఉంది. అందులో ప్రతి దెబ్బకీ వెలాసిటీ అని ఒక అంకె ఉంటుంది, గరిష్ఠం 127. అన్ని దెబ్బలకీ 127 పెట్టి, గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లో కాలాన్ని సమానంగా విడగొట్టే గళ్లు) మీద అచ్చంగా కూర్చోబెడితే ఒకే స్నేర్ శబ్దం అదే బలంతో, అదే ఎడంతో వందలసార్లు పడుతుంది. మెషిన్ గన్ శబ్దం అని మా పనిలో తిడతాం దాన్ని. దాన్ని తప్పించడానికే సాఫ్ట్‌వేర్లలో 'హ్యూమనైజ్' అని ఒక బటన్ పెట్టారు. నొక్కితే దెబ్బల్ని కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ జరిపి, వెలాసిటీల్ని చిందరవందర చేస్తుంది. క్లయింట్ "సార్, కొంచెం రియల్‌గా ఉండాలి" అనగానే నేను ముందు వెళ్లేది ఆ బటన్ దగ్గరికే.

అబోరిమ్ రెండో, మూడో ఆల్బమ్‌ల్లో ఆ పని చేయలేదు. యంత్రాన్ని మనిషిలా నటింపజేయలేదు. కిక్ ప్లాస్టిక్‌లా ఉంటుంది, స్నేర్ ఇనుప రేకులా ఉంటుంది, అలసట ఎక్కడా ఉండదు. ఆ బ్లాస్ట్ బీట్ మధ్యలో ఒక్కసారిగా విరిగి టెక్నోలోకి (డాన్స్ పార్టీల ఎలక్ట్రానిక్ సంగీతం) జారిపోతుంది, గిటార్లు మాయమై ఎలక్ట్రానిక్ బీట్ ఒక్కటే మిగులుతుంది, మళ్లీ గిటార్లు గోడలా వచ్చి పడతాయి. రోమ్ సంగతి తెలిసినవాళ్లకి ఇది వింతగా ఉండదు. 1990ల మొదట్లో ఆ ఊరికి సొంతంగా ఒక కరుకు టెక్నో సంప్రదాయం ఉంది. లోరీ డి, లియో అనిబాల్ది లాంటి పేర్లు వెతికి వినండి. కిక్ డ్రమ్‌ని డిస్టార్షన్‌లో ముంచి తీయడం ఆ పార్టీల్లో మామూలే.

ఇక మోసం అన్న మాటకి. మా దగ్గరికొచ్చే మెటల్ బ్యాండ్లలో డ్రమ్మరే కూర్చుని, చెమటోడ్చి వాయిస్తాడు. రికార్డ్ చేస్తాం. ఆ తర్వాత మిక్సింగ్‌లో జరిగేది బయట చాలామందికి తెలీదు. సాఫ్ట్‌వేర్ అతని కిక్ దెబ్బలన్నిటినీ గుర్తుపట్టి, ఒక్కోదాని బదులు ఎక్కడో మంచి స్టూడియోలో రికార్డయిన శాంపిల్‌ని పెడుతుంది. ముందూ వెనకా పడ్డ దెబ్బల్ని గ్రిడ్‌కి లాగుతుంది. ఈ రోజుల్లో పెద్ద మెటల్ ఆల్బమ్‌లు చాలావరకు ఇలాగే తయారవుతాయి. ఒకసారి ఒక డ్రమ్మర్‌కి ఫైనల్ మిక్స్ వినిపిస్తే "అన్నా, నేను ఇంత బాగా వాయించానా?" అని ముచ్చటపడ్డాడు. నేనేం మాట్లాడలేదు. ఇప్పుడు చెప్పండి, యంత్రాన్ని యంత్రంగా వినిపించినవాడు మోసగాడా, మనిషి వాయించాడని చెప్పి యంత్రాన్ని వినిపించే మేము మోసగాళ్లమా? నేనైతే రెండిట్నీ మోసం అనను. కానీ తూకం వేయాల్సివస్తే నిజాయితీ అబోరిమ్ వైపే ఎక్కువ తూగుతుంది.

డ్రమ్ మెషిన్ సగం కథ, రెండో సగం గొంతు. నా మటుకు నాకు 'విత్ నో హ్యూమన్ ఇంటర్వెన్షన్' మొత్తం ఇక్కడే తేలుతుంది. అత్తిలా మామూలు బ్లాక్ మెటల్ గాయకుడిలా ఒకే కీచు అరుపు అరవడు. గొంతు అడుగున గురగురలాడతాడు, మంత్రం చదివినట్టు సాగదీస్తాడు, ఉన్నట్టుండి నవ్వుతాడో ఏడుస్తాడో తెలియని శబ్దం చేస్తాడు. దాని మీద ఎఫెక్టులు వేసి ముక్కలు చేశారు, రేడియోలోంచి వచ్చినట్టు నలిపారు. అయినా లోపల ఊపిరి వినిపిస్తుంది. అలసిపోని డ్రమ్, అలసిపోయే గొంతు. టెక్నాలజీ, మనిషి అన్న విషయం మీద వాళ్ల సిద్ధాంతం ఏమిటని లిరిక్స్‌లో వెతికితే వైరస్‌లు, కోడ్‌లు, అంకెలు, సైతాను కలిసిన గందరగోళం దొరుకుతుంది. అందులో కొంత బాగుంటుంది, కొంత కుర్రతనంగా ఉంటుంది. ఆ డ్రమ్‌కీ ఆ గొంతుకీ మధ్య పెనుగులాట మాత్రం మాటలతో పనిలేకుండా చెవికి అందుతుంది.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, స్టూడియోలో కళ్లారా చూశాను. ఒక కుర్రాడు ఇంట్లో డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసుకుని, గొంతు రికార్డ్ చేయడానికి మాత్రం మా దగ్గరికొచ్చాడు. ట్రాక్ భయంకరమైన వేగంలో ఉంది. పాడటం మొదలుపెట్టాక తెలిసింది, లైన్‌కీ లైన్‌కీ మధ్య గాలి పీల్చుకోవడానికి చోటే లేదని. నిజంగా డ్రమ్మర్‌తో రిహార్సల్ చేసి ఉంటే ఆ చోటు దానంతటదే వచ్చేది, ఎందుకంటే డ్రమ్మర్‌కీ ఊపిరి కావాలి. ముక్కలు ముక్కలుగా రికార్డ్ చేసి అతుకుదామన్నాడు. వద్దు, ఒకే టేక్‌లో పాడు, ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ వదిలెయ్ అన్నాను. ఆ తెగిపోయిన చోట్లే ఆ పాటలో పనికొచ్చిన చోట్లు.

ఒక తమాషా ఉంది. 'మనిషి జోక్యం లేకుండా' అని పేరు పెట్టుకున్న ఆ ఆల్బమ్‌లో ఉన్నంతమంది మనుషులు ఇంకెక్కడా ఉండరు. నార్వే నుంచి కార్పేథియన్ ఫారెస్ట్ గాయకుడు నాటెఫ్రాస్ట్, బ్రిటన్ నుంచి అనాల్ నాత్రక్ సంగీతకారుడు ఇర్రుమేటర్, ఇంకా ఎందరో అతిథులు. మెషిన్ చుట్టూ జాతర జరిగినట్టుంటుంది.

ఇటలీలోనే ఇది ఎందుకు పుట్టింది అన్నదానికి నా ఊహ చెప్తాను. ఊహ అనే తీసుకోండి, వాళ్లు చెప్పిన మాట కాదు.

యంత్రాల రొదని సంగీతం అనొచ్చని మొట్టమొదట పట్టుబట్టిన దేశం ఇటలీయే. లూయిజీ రుస్సోలో అనే చిత్రకారుడు 1913 మార్చిలో శబ్దాల కళ గురించి ఒక మానిఫెస్టో రాశాడు. వాద్యబృందం పాతబడిపోయింది, ఇక ఇంజిన్లు, ట్రాములు, ఫ్యాక్టరీల శబ్దాలే సంగీతం కావాలన్నాడు. రాసి ఊరుకోలేదు, చెక్కపెట్టెలకి బాకాలు బిగించి, లోపల చక్రం తిప్పితే గురగురలాడే, బుసకొట్టే వాద్యాలు తయారుచేశాడు. వాటి పేరు ఇంతోనరుమోరి. 1914 ఏప్రిల్‌లో మిలాన్‌లో వాటితో కచేరీ పెడితే హాల్లో కొట్లాట జరిగింది. ఆ వాద్యాల్లో ఒక్కటీ ఇప్పుడు మిగల్లేదు, మ్యూజియాల్లో ఉన్నవి మళ్లీ తయారుచేసినవి. రుస్సోలో ఉన్న బృందం పేరు ఫ్యూచరిస్టులు, పాతదాన్ని తోసేసి కొత్తకాలాన్ని పొగిడిన ఇటలీ కళాకారులు. వీళ్లు యంత్రాన్ని, వేగాన్ని, యుద్ధాన్ని కూడా పూజించారు. వాళ్ల నాయకుడు మారినెత్తి తర్వాత ముసోలినీ పక్కన చేరాడు. యంత్రం మీద మోజు ఎటు దారితీయగలదో ఇటలీకి స్వానుభవం.

రెండోది తారంతో. అక్కడ 1965లో ప్రారంభమైన ఉక్కు కర్మాగారం యూరప్‌లోకెల్లా పెద్దవాటిలో ఒకటి. పక్కనే తంబూరి అనే పేట. ఇనప ఖనిజం ఎర్రధూళి అక్కడి బాల్కనీల మీద, శ్మశానంలో సమాధుల మీద పేరుకుంటుంది. గాలి అటు వీచిన రోజుల్లో బళ్లకి సెలవిచ్చిన సందర్భాలున్నాయి. 2012లో కోర్టు ఆ కర్మాగారంలో కొలుముల భాగాన్ని స్వాధీనం చేసుకోమంది. 2019లో యూరప్ మానవ హక్కుల కోర్టు అక్కడి ప్రజల్ని కాపాడలేకపోయారని ఇటలీ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. తీసేస్తే వేలమందికి ఉద్యోగాలు పోతాయి, ఉంచితే ఊపిరితిత్తులు పోతాయి. విశాఖలో గాజువాక వైపు పెరిగినవాళ్లకి ఈ ఇరకాటం కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లో పుట్టిన బ్యాండ్‌కి యంత్రం అంటే అడవి బదులు పెట్టుకున్న అలంకారంలా ఉండదు కదా అని నా లాజిక్. తారంతో గురించి వాళ్ల పాటల్లో ఉందని మాత్రం నేను అనడం లేదు.

ఇక కలియుగం. మనవాళ్లు ఈ పేరు చూడగానే సంబరపడిపోతారు, "అరే, మన పురాణాలు ఇటలీ దాకా వెళ్లాయి" అని. కాస్త ఆగాలి. కలియుగం అన్న భావన 20వ శతాబ్దంలో యూరప్‌లో ఎక్కువగా పాకింది రెనే గెనోన్, యూలియస్ ఎవోలా లాంటి రచయితల ద్వారా. ఆధునిక ప్రపంచం అంటే పతనం, యంత్రం ఆ పతనానికి గుర్తు అన్నది వాళ్ల వాదన. వీళ్లలో ఎవోలా రోమ్ మనిషి, ఫాసిస్టు రాజకీయాలతో అంటకాగినవాడు, యుద్ధం తర్వాత ఇటలీ తీవ్ర జాతీయవాదులకి గురువు. యూరప్ మెటల్ అండర్‌గ్రౌండ్‌లో కలియుగం, స్వస్తిక్, ఆర్యులు లాంటి మాటలు కనబడితే అవి మనింటి నుంచి నేరుగా వెళ్లాయా, ఈ దారిన తిరిగి వెళ్లాయా అని చూసుకోవాలి. అబోరిమ్ ఆ ఆల్బమ్‌లో ఒక పాట పేరులో హిట్లర్ సైన్యం పేరునీ కాళీమాత పేరునీ పక్కపక్కన పెట్టారు. దాన్ని నేను రాజకీయ ప్రకటన అనుకోను, జనాన్ని రెచ్చగొట్టాలన్న ఆ కాలపు సరదా అనుకుంటాను. సరదా అయినా చవకబారుదే. మన దేవత పేరు ఉంది కదా అని నేను ఆ పాటకి ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయను.

యంత్రం పూజ, యంత్రం మీద అసహ్యం రెండూ ఒకే దేశంలో ఉన్నాయన్నమాట. 'కలియుగ బిజార్'లో ఈ రెండూ కలిసి ఉన్నాయి కానీ కుదురుకోలేదు. నాలుగేళ్ల తర్వాతి ఆల్బమ్‌లో కుదురుకున్నాయి. అందుకే మొదటిదాంతో మొదలుపెట్టొద్దంటున్నాను.

తర్వాత మెషిన్ స్థానంలోకి మనిషి వచ్చాడు. అత్తిలా వెళ్లిపోయి మేహెమ్‌లో చేరాడు. 2006లో వచ్చిన 'జెనరేటర్'లో ప్రైమ్ ఈవిల్ అనే గాయకుడు, డ్రమ్స్ మీద బోర్డ్ ఈథున్. ఈథున్ నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ ఎంపరర్ పాత డ్రమ్మర్, ఫౌస్ట్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. 1992లో లిల్లెహామర్‌లో ఇతను ఒక మనిషిని చంపాడు. చనిపోయినాయన స్వలింగ సంపర్కుడు, ఇతనికి ఏ రకంగానూ తెలిసినవాడు కూడా కాదు. 1994లో 14 ఏళ్ల శిక్ష పడింది, 2003లో బయటికొచ్చాడు. అత్తిలా పాడిన మేహెమ్ ఆల్బమ్ చరిత్రా రక్తంతోనే ముడిపడి ఉంది. అందులో గిటార్ వాయించినవాణ్ని బేస్ వాయించినవాడు 1993లో చంపాడు, ఆల్బమ్ ఆ తర్వాతే విడుదలైంది. ఆ హంతకుడిదే బర్జుమ్.

తెలుసుకుని వినాలా, తెలుసుకుని మానేయాలా అన్నది మీ ఇష్టం. నేను విన్నాను, వింటాను. డబ్బు పెట్టి టీషర్ట్ కొనుక్కుని ఆ పేరు గుండెల మీద వేసుకోవడం మాత్రం చేయను. నా గీత అక్కడుంది. ఇంకొకరి గీత ఇంకోచోట ఉండొచ్చు. అయితే ఒక మాట. డ్రమ్ మెషిన్‌లో ఆత్మ లేదు, మనిషి వాయిస్తేనే మానవత్వం ఉంటుంది అని ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే నాకు ఈ బ్యాండ్ డ్రమ్మర్ల పట్టిక గుర్తొస్తుంది.

సంగీతంగా చూస్తే 'జెనరేటర్' మంచి ఆల్బమ్. డ్రమ్స్‌కి బరువొచ్చింది, రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు) స్పష్టంగా ఉన్నాయి, మెటల్ మాత్రమే వినేవాళ్లకి ఇదే ఎక్కువ నచ్చుతుంది. నాకు మాత్రం ఆ పెనుగులాట తగ్గిపోయినట్టనిపించింది. డ్రమ్మూ మనిషిదే, గొంతూ మనిషిదే అయ్యేసరికి యంత్రం మళ్లీ వాతావరణంగా మారింది.

2010 నాటి 'సైకోగ్రొటెస్క్' పిచ్చాసుపత్రి చుట్టూ అల్లిన ఆల్బమ్. పాటలకి పేర్లు లేవు, రోమన్ అంకెలే. మానసిక ఆసుపత్రుల్ని మూసేయాలని 1978లోనే చట్టం చేసిన దేశం నుంచి అలాంటి ఆల్బమ్ రావడం ఆసక్తిగా అనిపించింది నాకు. 2013లో 'డర్టీ', 2017లో 'షిఫ్టింగ్ నెగటివ్', 2021లో 'హోస్టైల్'. చివరి రెండూ దాదాపు ఇండస్ట్రియల్ రాక్ (యంత్రాల రొదలాంటి శబ్దాలతో చేసే రాక్), బ్లాక్ మెటల్ కోసం వాటి దగ్గరికి వెళ్తే నిరాశే. అవి చెడ్డవని కాదు, మీ ప్రశ్నకి జవాబు కావు. రోమ్ నుంచే వచ్చిన వాయిడ్ ఆఫ్ సైలెన్స్ 2004 ఆల్బమ్ 'హ్యూమన్ యాంటిథెసిస్' వినండి. అది నెమ్మదైన సంగీతం, బ్లాక్ మెటల్ వేగం కోరుకుంటే కుదరదు, కానీ ఇదే దిగులుకి ఇంకో రూపం. పాడింది ఐర్లండ్ బ్యాండ్ ప్రైమార్డియల్ గాయకుడు అలన్ ఆవెరిల్.

వినేటప్పుడు ఒక జాగ్రత్త: ఫోన్ స్పీకర్ మీద వద్దు. ఈ సంగీతంలో కింది శబ్దం, పై శబ్దం రెండూ నలిగి ఉంటాయి, చిన్న స్పీకర్‌లో జల్లెడలో గులకరాళ్లు కదిపినట్టు వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పర్లేదు కానీ సౌండ్ తగ్గించి వినండి. ఎక్కడా విరామం లేని శబ్దం కాబట్టి చెవి త్వరగా అలసిపోతుంది, మనకి తెలీకుండానే వాల్యూమ్ పెంచేస్తుంటాం.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్. చేయగలరు. రీపర్ లాంటి చవక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌నీ గిటార్‌నీ ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), మామూలు మైక్, గిటార్ ఉంటే చాలు. దాంతోపాటు కొన్ని మాటలు.

డ్రమ్స్ ముందు ప్రోగ్రామ్ చేయకండి. మెట్రోనోమ్ మీద రిఫ్ వాయించి, అది నిలబడిందనుకున్నాక డ్రమ్స్ రాయండి. గ్రిడ్ ముందు కూర్చుంటే నాలుగు బార్లు (తాళంలో ఆవర్తం లాంటివి) కాపీ చేసి పేస్ట్ చేయడం అలవాటైపోతుంది, పాట మొత్తం నాలుగేసి బార్ల గళ్లలో ఇరుక్కుంటుంది. మంచి హాల్‌లో రికార్డ్ చేసిన ఖరీదైన డ్రమ్ శాంపిల్స్ వద్దు. అవి మనిషిలా వినిపించాలని తయారుచేసినవి, వాటితో ఇది చేస్తే మనిషీ కాదు యంత్రమూ కాదు అన్నట్టు ఉంటుంది. పాత డ్రమ్ మెషిన్ రోలాండ్ 909లో ఉన్నలాంటి పొడి కిక్ తీసుకుని డిస్టార్షన్ వేయండి. ఏదైనా ఒకటే నిర్ణయించుకోండి: హ్యూమనైజ్ చేస్తే పూర్తిగా చేయండి, లేదంటే అసలు ముట్టుకోవద్దు. సగం సగం చేసినవాటిని వింటే ప్రోగ్రామ్ చేయడం చేతకాలేదనిపిస్తుంది.

గిటార్‌ని గ్రిడ్‌కి లాగకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. డ్రమ్స్ అచ్చంగా గ్రిడ్ మీద ఉన్నప్పుడు గిటార్ కాస్త ఈడ్చుకుంటూ, కాస్త తొందరపడుతూ ఉంటేనే ఆ రెండూ కొట్లాడుకుంటాయి. దాన్ని కూడా సరిచేస్తే వీడియో గేమ్ నేపథ్య సంగీతం తయారవుతుంది. గొంతు ఆఖర్న, వీలైతే ఒకే టేక్‌లో. ఇంట్లోవాళ్లు ఊళ్లో లేని రోజు చూసుకోండి, పక్క ఫ్లాట్ వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నిజంగానే ఎవరికో ఏదో అయిందనుకుని తలుపు కొడతారు.

మిక్సింగ్‌లో మీకు తగిలే మొదటి తలనొప్పి స్నేర్, గిటార్ ఒకదాన్నొకటి మింగేయడం. రెండూ రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్యలోనే చోటు కోసం కొట్టుకుంటాయి. స్నేర్ వాల్యూమ్ పెంచే బదులు అక్కడ గిటార్‌ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ ముప్పై సెకన్ల ముక్క ఇక్కడ పెట్టండి, డ్రమ్స్ వేరుగా, గిటార్ వేరుగా. విని చెప్తాను.